విమానాలను విరిచింది తెగింపు కాదు, పందెం నిబంధనలు

సంపాదకులకు నమస్కారం.

తొలినాటి విమాన మేళాల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. శ్రమపడి రాసిన వ్యాసం, బొమ్మలు కూడా బాగున్నాయి. కానీ 1909 నుంచి 1912 దాకా ఆ పోటీల్లో పోయిన ప్రాణాలన్నిటినీ వైమానికుల తెగింపు పద్దులో రాసేసి చేతులు దులుపుకున్నారు. గుడ్డ, కర్ర, తీగలతో కట్టిన యంత్రాలు కాబట్టి కూలడం మామూలే అన్న ధోరణి కూడా అందులో కనిపించింది. విమానాల నిర్మాణం, బలపరీక్షలు వృత్తిగా చేసిన మాకు ఈ రెండు మాటలూ ఒప్పుకోబుద్ధి కావడం లేదు. కర్ర, తీగల కట్టుబడి తనకు అప్పగించిన పనికి సరిపడా బలమైనదే. అయితే ఏ బహుమతి కోసం ఎగిరారో తెలిస్తే ఏ భాగం విరిగి ఉంటుందో చాలాసార్లు ముందే చెప్పేయవచ్చు. పోటీ నిబంధన ఎటు నెట్టిందో యంత్రం అటే విరిగింది.

దీనికి ఎదురు సాక్ష్యం మన దేశంలోనే ఉంది. 1911 ఫిబ్రవరి 18న అలహాబాద్ ప్రదర్శన మైదానం నుంచి ఆన్రీ పెకే అనే ఫ్రెంచి వైమానికుడు సుమారు 6,500 ఉత్తరాలతో యమున దాటి నైనీలో దిగాడు. దాదాపు 10 కిలోమీటర్లు, 13 నిమిషాలు. స్తంభం చుట్టూ తిరగాల్సిన పని లేదు, ఎవరినీ దాటిపోవాల్సిన పని లేదు, ముగ్గుతో గీసిన వలయంలో దిగాల్సిన పని అంతకన్నా లేదు. నేరుగా వెళ్లి నేరుగా దిగాడు. అదే తరం యంత్రాలు, అవే తీగలు పోటీ మైదానాల్లో ఎందుకు తెగాయన్నది అడగాల్సిన ప్రశ్న.

మొదటి పెద్ద మేళా 1909 ఆగస్టు 22 నుంచి 29 దాకా ఫ్రాన్స్‌లో రీమ్స్ నగరం పక్కన బెథెనీ మైదానంలో జరిగింది. 10 కిలోమీటర్ల దీర్ఘచతురస్రపు చుట్టు, మూలల్లో స్తంభాలు. దూరానికి ఒక బహుమతి, వేగానికి ఒకటి, ఎత్తుకు ఒకటి, మనుషులను ఎక్కించుకుని ఎగిరినందుకు ఇంకొకటి. ఆన్రీ ఫార్మాన్ అనే వైమానికుడు దూరం బహుమతి కోసం గడ్డి మీదుగా అతి తక్కువ ఎత్తులో, ఎక్కడా తొందరపడకుండా 3 గంటల 4 నిమిషాల 56 సెకన్లు ఎగిరి 180 కిలోమీటర్లు లెక్కలో వేయించుకున్నాడు. అంటే గంటకు 60 కిలోమీటర్లు కూడా లేదు. నేల దగ్గరే ఉన్నాడు, ఒకదాని మీద ఒకటిగా రెండు వరసల పెద్ద రెక్కలున్న బైప్లేన్, మలుపులు నిదానం. తీగల మీద అదనపు భారం దాదాపు లేదు. దూరం బహుమతి మనుషులను తక్కువగా చంపిందంటే కారణం ఇదే. అక్కడ ప్రధానంగా అలిసిపోయేది ఇంజన్.

గ్లెన్ కర్టిస్ అనే వైమానికుడు అదే మేళాకు అమెరికా నుంచి ఒకే విమానం, ఒకే ఇంజన్‌తో వచ్చాడు. అది పాడైతే తిరుగుటపా. అందుకే మిగతా బహుమతుల జోలికి పెద్దగా పోకుండా యంత్రాన్ని 28వ తేదీ దాకా దాచుకున్నాడు. గార్డన్ బెన్నెట్ ట్రోఫీ అనే వేగం పందెంలో 20 కిలోమీటర్లను 15 నిమిషాల 50 సెకన్లలో ముగించి, ఫ్రెంచి వైమానికుడు, విమాన తయారీదారు బ్లేరియోను ఆరు సెకన్ల లోపు తేడాతో ఓడించాడు. మర్నాడు బ్లేరియో మళ్లీ వేగం కోసం ఎగిరి కూలాడు. విమానం కాలిపోయింది, మనిషి కాలిన గాయాలతో బయటపడ్డాడు. ఒకరిది పిరికితనం, ఇంకొకరిది వీరత్వం అనడం సులువే. నిజానికి కర్టిస్‌ది స్టోరు లెక్క: విడిభాగాలు లేనివాడు ఎన్నిసార్లు ఎగరాలో ముందే తేల్చుకోవాలి.

వేగానికి డబ్బు పెట్టగానే అందరికీ తట్టిన ఉపాయం ఇంజన్ మార్చడం. అసలు కథ ఇక్కడే ఉంది. బ్లేరియో 11 అనే మోనోప్లేన్ (ఒకే వరస రెక్కల విమానం) 25 హార్స్‌పవర్ అంజానీ ఇంజన్‌తో 1909 జులై 25న ఇంగ్లిష్ చానల్ దాటింది. లియోన్ దెలాగ్రాంజ్ అలాంటి విమానానికే 50 హార్స్‌పవర్ నోమ్ ఇంజన్ బిగించాడు. 1910 జనవరి 4న బోర్దో దగ్గర రెక్క విరిగి చనిపోయాడు. ఇదే జోడింపుతో ఏప్రిల్ 2న సాన్ సెబాస్టియన్‌లో ఉబెర్ లెబ్లోన్ సముద్రం ఒడ్డున కూలి ప్రాణాలు వదిలాడు.

కాగితం మీద లెక్క చూడండి. గాలి నిరోధాన్ని తట్టుకుని ముందుకు పోవడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. అంటే ఇంజన్ శక్తి రెట్టింపు చేస్తే వేగం పెరిగేది సుమారు 26 శాతం. ఇంతేగా అనిపిస్తుంది. కానీ రెక్క మీద పడే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. అంతే కోణంలో రెక్కను గాలికి ఎత్తితే బలం 59 శాతం ఎక్కువ. ఇంజన్ మార్చారు గానీ రెక్క దూలం, తీగలు, వాటిని బిగించే టర్న్‌బకిళ్లు పాతవే ఉంచారు. ఉన్న కాస్త మిగులు బలం ఆ 59 శాతంలో కరిగిపోయింది. దాని మీద ఈదురుగాలి ఒక్కటి చాలు.

మోనోప్లేన్‌లో ఇంకో చిక్కు ఉంది. రెక్కలను కింది నుంచి పట్టి ఉంచే తీగలు ఎగిరేటప్పటి బరువు మోస్తాయి, కాబట్టి వాటిని దిట్టంగా వేసేవారు. పైన చిన్న గుంజ నుంచి రెక్కలకు కట్టిన తీగలను నేల మీద రెక్క వాలకుండా, దిగేటప్పుడు కుదుపుకు ఊగకుండా ఆపడానికి అని మాత్రమే లెక్కవేశారు. ముక్కు బాగా కిందికి వంచి దూకితే గాలి రెక్క పైముఖాన్ని నొక్కుతుంది. అప్పుడు భారమంతా పై తీగల మీదికి వస్తుంది. పోటీలో వేగం కోసం దూకడం, జనం కోసం దూకడం, వలయంలో దిగడానికి దూకడం రోజూ ఉన్నదే. దీన్ని బ్లేరియోనే 1912 మొదట్లో ఫ్రెంచి సైన్యానికి రాసి ఇచ్చాడు; పై తీగలు బలపరిచేదాకా ఫ్రాన్స్ సైన్యం మోనోప్లేన్లను పక్కన పెట్టింది. తన సొంత యంత్రంలోని లోపాన్ని తానే రాసిచ్చిన తయారీదారులు ఎందరుంటారు? మీ వ్యాసం మెచ్చుకోవాల్సిన ధైర్యం అది.

ఈ మోనోప్లేన్లలో అటూ ఇటూ వాలడానికి ఈనాటి ఐలెరాన్లు, అంటే రెక్క వెనక అంచున కదిలే పలకలు, లేవు. రెక్క వెనక అంచునే తీగలతో లాగి మెలితిప్పేవారు. కాబట్టి వెనక దూలాన్ని గట్టిగా బిగించడానికి వీల్లేదు, దాని తీగ చిన్న కప్పీ మీదుగా నడవాలి. కప్పీ మీద వంగి నిటారయ్యే తీగ పోగుపోగుగా తెగుతుంది, అదీ కప్పీని ఆనుకుని ఉన్న వైపు, కంటికి కనిపించని చోట. వాన కురిస్తే గుడ్డ సాగుతుంది, కర్ర ఉబ్బుతుంది, బిగింపు మారుతుంది. మెకానిక్కులు తీగను వేలితో మీటి శబ్దాన్ని బట్టి బిగువు చూసుకునేవారు. టర్న్‌బకిల్ మరను తగినన్ని చుట్లు లోపలికి ఎక్కించకుండా తిప్పి సరిపెడితే పైకి బిగువుగానే ఉంటుంది, కుదుపుకు ఊడిపోతుంది. రోజుకు నాలుగు పందేల మధ్య ఇవన్నీ చూసే తీరిక ఎవరికుంది?

స్తంభం మలుపుల సంగతి. విమానం 45 డిగ్రీలు వాలి తిరిగితే రెక్కల మీద బరువు 1.41 రెట్లు, 60 డిగ్రీలైతే సరిగ్గా రెండు రెట్లు. దాంతోపాటు ఏ వేగం కంటే తగ్గితే రెక్క గాలిని పట్టుకోలేదో ఆ హద్దు కూడా 45 డిగ్రీల దగ్గర 19 శాతం, 60 దగ్గర 41 శాతం పైకి జరుగుతుంది. ఈనాటి శిక్షణ విమానానికి ఈ హద్దుకూ గరిష్ఠ వేగానికీ మధ్య రెండింతల దూరం ఉంటుంది. రీమ్స్‌లో గెలిచిన వేగమే గంటకు 76 కిలోమీటర్లు. హద్దు 55 అనుకుంటే 45 డిగ్రీల మలుపులో అది 65 అవుతుంది. మిగిలింది 11 కిలోమీటర్లు. వెనక నుంచి గాలి ఒక్కసారి తోస్తే ఆ పదకొండూ పోతాయి. దీనికితోడు నోమ్ ఇంజన్ సిలిండర్లతో సహా మొత్తం గిర్రున తిరిగేది. అంత బరువు బొంగరంలా తిరుగుతుంటే ఒక వైపు మలుపుకు ముక్కు పైకి లేస్తుంది, రెండో వైపుకు కిందికి దిగుతుంది. ముందు వెళ్లిన విమానం చెదరగొట్టిన గాలి సరేసరి. 1910 జులైలో రీమ్స్ రెండో మేళాలో రేమండ్ ద లారోష్ తీవ్రంగా గాయపడింది. తన ముందు వెళ్లిన విమానం రేపిన గాలే కారణమని ఆమె వాదన. లైసెన్సు పొందిన మొదటి మహిళా పైలట్ అని మీ వ్యాసం ఆమె గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టింది. అదే మేళాలో షార్ల్ వాక్టర్ ఆంత్వానెత్ విమానం రెక్కలు విరిగి చనిపోయాడు.

మరి రెక్కలు కోసేయడం? అదీ జరిగింది. 1911 జులై 1న ఇంగ్లండ్‌లోని ఈస్ట్‌చర్చ్‌లో గార్డన్ బెన్నెట్ పందేనికి బ్లేరియో రెక్కలను పొట్టి చేయించి వేగం రాబట్టాలని చూశారు. గుస్తావ్ హామెల్ దానితో మొదటి మలుపులోనే కూలి, అదృష్టవశాత్తూ బతికాడు. వైశాల్యం తగ్గిన రెక్కకు పైన చెప్పిన హద్దు ఇంకా పైకి పోతుంది. అతను కొత్త రెక్కతో పాత అలవాటు మలుపు తిప్పాడు.

ఎత్తు పోటీలు విచిత్రమైనవి. 1909 ఆగస్టులో రీమ్స్‌లో లాథమ్ అనే వైమానికుడు 155 మీటర్లకు గెలిచాడు. 1910 అక్టోబరు 31న న్యూయార్క్ దగ్గర బెల్మాంట్ పార్కులో రాల్ఫ్ జాన్‌స్టోన్ 9,714 అడుగులు, అంటే 2,960 మీటర్లు ఎక్కాడు. పద్నాలుగు నెలల్లో పందొమ్మిది రెట్లు! అంత ఎత్తులో గాలి సాంద్రత నేల మీదికంటే నాలుగో వంతు తక్కువ. ఇంజన్ శక్తి అంతకంత తగ్గుతుంది, ఇంజన్‌కు గాలి, పెట్రోలు కలిపి అందించే కార్బ్యురేటర్ మాత్రం పెట్రోలును కింద పోసినట్టే పోస్తుంది. గాలివేగమూ పైన ఎక్కువ. అదే మేళాలో ఒకరోజు జాన్‌స్టోన్, తోటి పైలట్ హాక్సీ ఇద్దరూ ముఖం గాలికి పెట్టి ఎగురుతూనే పదుల మైళ్లు వెనక్కి కొట్టుకుపోయారు. అయితే చంపింది ఎక్కడం కాదు, దిగడం. పైనుంచి సుడులు తిరుగుతూ దిగడాన్నే జనం చూడాలనుకున్నారు. నవంబరు 17న డెన్వర్‌లో అలా దిగుతుండగా రెక్క విరిగి జాన్‌స్టోన్ చనిపోయాడు. హాక్సీ, మాయ్‌సాంట్ అనే మరో పైలట్ ఇద్దరూ ఆ డిసెంబరు 31న, ఒకే రోజు, వేర్వేరు ఊళ్లలో పోయారు.

జీతం లెక్క కూడా చెప్పాలి. రైట్ సోదరుల ప్రదర్శన బృందంలో పైలట్‌కు వారానికి 20 డాలర్లు, ఎగిరిన రోజుకు మరో 50 డాలర్లు ఇచ్చేవారు. గాలి బాగాలేదని కూర్చుంటే ఆ 50 రావు. టికెట్ కొన్న జనం కింద కేకలు వేస్తుంటారు. ఇక అతను ఎగరకుండా ఎలా ఉంటాడు?

ఇంధనం గురించి. ఏడు సిలిండర్ల నోమ్ బరువు 76 కిలోలే, అందుకే అందరూ దాని వెంటపడ్డారు. దానికి నూనె మన ఆముదమే. ఇంధనం ఇంజన్ నడిమి పెట్టె అయిన క్రాంక్‌కేసు గుండానే సిలిండర్లలోకి వెళ్తుంది. ఖనిజ తైలమైతే పెట్రోలులో కలిసిపోయి పలచబడుతుంది, ఆముదం కలవదు. వాడిన నూనె తిరిగి ట్యాంకుకు రాదు, పైలట్ ముఖం మీదికి, రెక్కల మీదికి చిమ్ముతుంది. ఇన్‌లెట్ వాల్వు పిస్టన్ తలలోనే ఉంటుంది. అది మూసుకోకుండా ఇరుక్కుంటే మంట లోపలి ఇంధనానికి అంటుకుంటుంది. నిదానంగా తగ్గించే త్రాటిల్ లేదు, స్విచ్ నొక్కి నిప్పురవ్వ ఆపితే ఆగుతుంది, వదిలితే పూర్తి శక్తి. బెల్మాంట్ పార్కులో జరిగిన గార్డన్ బెన్నెట్ వేగం పందెంలో ఆల్ఫ్రెడ్ లెబ్లాన్ అనే పైలట్ 100 హార్స్‌పవర్ నోమ్‌తో 20 చుట్లలో అందరికంటే ముందుండి, చివరి చుట్టులో ఇంధనం అందక టెలిగ్రాఫ్ స్తంభాన్ని గుద్దాడు. ట్రోఫీ 61 నిమిషాల 4 సెకన్లతో ఇంగ్లిష్ పైలట్ గ్రాహమ్-వైట్‌కు దక్కింది. 100 కిలోమీటర్లకు సరిపడా పెట్రోలు తప్ప ఒక్క లీటరు కూడా మిగలకూడదన్నది అప్పటి వేగం పందేల తీరు. బరువు తగ్గుతుంది మరి.

వ్యాసకర్త ఎక్కువ కన్నీళ్లు పెట్టించింది చార్లెస్ రోల్స్ మరణం గురించి. రోల్స్-రాయిస్ కంపెనీ పేరులోని రోల్స్ ఆయనే. 1910 జులై 12న ఇంగ్లండ్‌లోని బోర్న్‌మత్ మేళాలో ఆయన ఎగిరింది వేగానికీ కాదు, ఎత్తుకూ కాదు, గుర్తుకు అతి దగ్గరగా దిగినవాడికి ఇచ్చే బహుమతికి. బెంగళూరు పాఠకులు కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య మ్యూజియంలో 1903 నాటి రైట్ విమానం నమూనా చూస్తే పైకీ కిందికీ నడిపే చుక్కాని ముందు భాగాన ఉండడం గమనించవచ్చు. రోల్స్ నడిపిన రైట్ విమానానికి దానికి తోడు వెనక కూడా తోక రెక్కను కొత్తగా అమర్చారు. గుర్తు దగ్గర దిగాలంటే నిటారుగా దూకి చివర్లో ఒక్కసారిగా ముక్కు ఎత్తాలి. ఆ ఎత్తడంలో కొత్త తోక కట్టు విరిగింది. గాలిలోని కుదుపులకు ఎలా ఆగుతుందో ఇంకా సరిగా తేలని కొత్త భాగం, దాన్ని గట్టిగా లాగమని చెప్పే నిబంధన, పైగా వీస్తున్న గాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ రోజు బహుశా బతికేవాడు. తెగింపు అనడం ఆయనకు అన్యాయం.

ప్రేక్షకుల విషయం వ్యాసంలో దాదాపు లేదు. 1911 మే 21న పారిస్-మాడ్రిడ్ పందెం మొదలైన ఇసీ మైదానంలో ఎమిల్ త్రాఁ అనే పైలట్ ఇంజన్ సరిగా పనిచేయక దిగబోతుండగా అశ్వికదళం అడ్డం వచ్చింది. వాళ్లను తప్పించబోయి మంత్రుల గుంపు మీదికి వెళ్లాడు. ఫ్రాన్స్ యుద్ధమంత్రి బెర్తో చనిపోయాడు, ప్రధాని మోనిస్ గాయపడ్డాడు. మైదానంలో ఎవరూ ఉండకూడదన్న నిబంధన పెద్దవాళ్లకు వర్తించకపోవడం అప్పుడూ ఉంది. 2010లో బేగంపేటలో నౌకాదళ విన్యాస విమానం ఇళ్ల మీద కూలిన సంగతి తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఇంత వివరం రాయడానికి కారణం ఉంది. ఇప్పుడు బెంగళూరు, చెన్నై ఇంజనీరింగ్ కాలేజీల ఫెస్టుల్లో పిల్లలు సొంతంగా కట్టిన రిమోట్ విమానాల పోటీలు జరుగుతున్నాయి. ఎక్కువ బరువు మోసిన దానికి మార్కులు, స్తంభాల చుట్టూ తక్కువ సమయానికి మార్కులు, గీసిన పెట్టెలో దిగినందుకు మార్కులు. ఇవన్నీ నూట పదేళ్ల కిందటి నిబంధనలే. మూడు కిలోల విమానం గంటకు 80 కిలోమీటర్ల వేగంతో మనిషికి తగిలితే అది ఆటవస్తువు కాదు.

నిర్వాహకులు చేయదగినవి ఖర్చులేని పనులే. ఎగరబోయే ముందు విమానాన్ని పూర్తి బరువుతో రెండు రెక్కల కొసల దగ్గర మాత్రమే పట్టి ఎత్తాలి. రెక్క మొదట్లో అప్పుడు పడే వంపు బలం మామూలు ఎగురుడు కంటే సుమారు రెండింతలు. పైన చెప్పిన 60 డిగ్రీల మలుపుకు సరిపోతుంది. తర్వాత దాన్నే తిరగేసి మళ్లీ ఎత్తాలి. రెండోది ఎవరూ చేయరు. బ్లేరియో పై తీగల పాఠం తిరగేసిన ఆ పరీక్షలోనే ఉంది. కొత్త సర్వో (చుక్కానిని కదిపే చిన్న మోటారు), కొత్త తోక, పెద్ద మోటారు ఏది మార్చినా మార్కుల్లేని పరీక్ష ఎగురుడు ఒకటి పూర్తయ్యాకే పోటీకి అనుమతించాలి. దిగినాక బ్యాటరీ కొలవాలి, సెల్‌కు 3.5 వోల్టుల కంటే తగ్గితే ఆ చుట్టు రద్దు. లేకపోతే లెబ్లాన్ లాగే చివరి చుట్టులో చేతులెత్తేస్తుంది. కచ్చితంగా దిగినందుకు మార్కులు ఇవ్వాలనుకుంటే దిగే దారి జనం నెత్తిమీదుగా రాకూడదు, నిటారుగా దూకితే మార్కులు కోయాలి. గాలి హద్దును సగటు వేగానికి కాదు, విసిరే గాలికి పెట్టాలి. గాలి ఎక్కువని ఎగరనన్న జట్టుకు మార్కులు పోకుండా ఇంకో అవకాశం ఇవ్వాలి. మైదానంలోకి ముఖ్య అతిథి కూడా రాకూడదు, ఫొటోల కోసమైనా సరే.

చివరగా ఒక సవరణ. కర్టిస్ బొమ్మ కింద ఆయన విమానంలో నోమ్ ఇంజన్ ఉందని వేశారు. రీమ్స్‌లో కర్టిస్ వాడింది తాను తయారు చేసిన, నీళ్లతో చల్లబడే వి-ఆకారపు 8 సిలిండర్ల ఇంజన్. ఆ మేళాలో నోమ్ వాడి గెలిచింది ఫార్మాన్. బొమ్మలో పైలట్ వెనక నిటారుగా కనిపిస్తున్నది రేడియేటర్. దయచేసి సరిచేయగలరు.

భవదీయులు,
విమాన నిర్మాణ రంగంలో పనిచేసి రిటైరైన కొందరు తెలుగు ఇంజనీర్లు,
బెంగళూరు